కళ్ళు పోతాయ్ అని మాత్రం చెప్పకండి

చిన్నపిల్లలకి భక్తి, మంచి నడవడి ఎలా నేర్పాలి అని ఈమధ్య తోటి తల్లులు చాలామంది అడుగుతున్నారండి, ముఖ్యంగా మా వైపు నుంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్ళి సెటిలైనవాళ్ళు, శ్లోకాలు ఏ వయసులో మొదలెట్టాలి, రోజూ ఎంతసేపు కూర్చోబెట్టాలి, ఆన్‌లైన్ క్లాసులు మంచివేనా అని. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసేద్దాం అనిపించింది. మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద ఊరు, మా అమ్మాయికి ఐదో ఏడు నడుస్తోంది. ఇందులో సగం మా అత్తయ్యగారి దగ్గర చూసి నేర్చుకున్నది, మిగతాది పెళ్ళికి ముందు బీఈడీలో చదివింది, ఆ తర్వాత ఆసక్తి కొద్దీ వెతికి చదువుకున్నది.

నేను గట్టిగా నమ్మేది ముందే చెప్పేస్తా. ఆరేళ్ళ లోపు పిల్లలకి దేవుడి పేరు చెప్పి భయం పెట్టకూడదు, దేవుడి పేరు చెప్పి బహుమతులు ఇవ్వకూడదు. ఈ రెండూ మానేసి, ఇంట్లో దేవుడి పని ఏది జరుగుతున్నా అందులో పిల్ల చేతికి నిజమైన పని ఒకటి అప్పజెప్పాలి. ఆ వయసులో పిల్లలకి దేవుడు చెవుల్లోంచి కంటే చేతుల్లోంచే ఎక్కువ ఎక్కుతాడు అని నా నమ్మకం. 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు చూడండి, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళు నిండకముందే జరిగిపోతుందని, అంటే మనం బడికి పంపి అక్కడెవరో నేర్పుతారులే అనుకునే లోపే ఇంట్లో సగం పైన పని అయిపోతుంది.

పోయిన శ్రావణమాసంలో ఒకరోజు నైవేద్యానికి పెట్టిన బెల్లం ముక్కని మా అమ్మాయి పూజ అవ్వకముందే నోట్లో వేసేసుకుంది. ఆ టైముకి ఇంటికొచ్చిన చుట్టాలావిడ చూసి "అమ్మో అమ్మో, ఎంగిలి చేసేశావా, కళ్ళు పోతాయే, లెంపలేసుకో" అంది. ఆవిడ చెడ్డగా ఏం అనలేదండి, ముద్దుగానే అంది, మనందరం చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్న మాటే కదా. పిల్ల లెంపలేసుకుంది, అందరూ నవ్వారు, అక్కడితో అయిపోయింది అనుకున్నాం. రాత్రి లైటు తీసెయ్యగానే ఏడుపు లంకించుకుంది, లైటు వేస్తే ఊరుకుంటుంది, తీస్తే మళ్ళీ ఏడుపు, కడుపునొప్పా అంటే కాదు, భయం వేసిందా అంటే మాట్లాడదు. చివరికి వాళ్ళ మామ్మ పక్కన పడుకోబెట్టుకుని అడిగితే చెవిలో చెప్పింది, "లైటు తీస్తే ఏం కనపడట్లేదు మామ్మా, నా కళ్ళు పోయాయి" అని.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మనకి అది మాట వరసకి అనే మాట, కానీ నాలుగేళ్ళ పిల్లకి మాట వరస అనేది ఉండదు, అన్నది అన్నట్టే జరుగుతుంది అనుకుంటుంది. బూచాడికి పట్టిస్తా, పోలీసుకి చెప్తా, డాక్టర్ చేత సూది వేయిస్తా అనే లిస్టులోకి మనం దేవుణ్ణి కూడా తోసేస్తున్నాం. తర్వాత పదేళ్ళకి మనమే మా పిల్లలకి భక్తి లేదండీ, గుడికి రమ్మంటే రారండీ అని బాధపడతాం, ఎందుకొస్తారు చెప్పండి, పోలీస్ స్టేషన్‌కి ఎవరైనా ఇష్టపడి వెళ్తారా?

మర్నాడు పిల్ల దేవుడి మందిరం ఉన్న గది గుమ్మం కూడా తొక్కలేదు. మా అత్తయ్యగారు బతిమాలలేదు, దేవుడు మంచోడమ్మా అని లెక్చర్ ఇవ్వలేదు, "అమ్మలూ, నాకు మతిమరుపు ఎక్కువైపోతోందే, రోజూ బెల్లం ముక్క గిన్నెలో పెట్టే పని నువ్వు చూసుకోవాలి, నువ్వు పెట్టకపోతే ఆయన ఖాళీ గిన్నె చూస్తూ కూర్చుంటాడు" అన్నారు, అంతే. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు ఆలోచించింది, తర్వాత డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు ఆ బెల్లం గిన్నె జోలికి ఇంట్లో ఎవరం వెళ్ళినా ఊరుకోదు, వాళ్ళ నాన్నని కూడా "పూజ అయ్యాక పెడతాను, ఆగు" అంటుంది. ఆగడం ఎవరో చెప్తే నేర్చుకోలేదండి, ఇంకొకరి కోసం తను ఉంచుతోంది కాబట్టి ఆగుతోంది. నిగ్రహం అని మనం పెద్ద పేరు పెట్టేది ఇదే కదా.

ఆ రాత్రే అత్తయ్యగారు ఉపమన్యుడి కథ చెప్పారు. పాలకొల్లు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది, క్షీరారామం స్థలపురాణం అది, పంచారామాల్లో మాది ఒకటి కదా, పక్కనే భీమవరం సోమారామం, గోదావరి దాటితే ద్రాక్షారామం, అటు సామర్లకోట, కృష్ణ ఒడ్డున అమరావతి. ఉపమన్యుడు చిన్నపిల్లాడు, పాలు కావాలి, ఇంట్లో పాలు లేవు, శివుణ్ణి అడిగాడు, శివుడు పాలు రప్పించాడు. మూడు నాలుగేళ్ళ పిల్లకి మొదట చెప్పాల్సిన దేవుడి కథ అంటే ఇలాంటిదే అని నా ఉద్దేశం. ఆకలేసిన పిల్లాడు అడిగితే పాలిచ్చిన దేవుడు. అందులో రాక్షసుడు లేడు, శాపం లేదు, యుద్ధం లేదు, పైగా ఆ గుడి మనం నడిచెళ్ళి చూడగలిగేంత దగ్గర, ఆ గాలిగోపురం ఊళ్ళోకి రాకముందే కనపడుతుంది, "అదిగో పాలిచ్చిన సామి" అని చూపించొచ్చు. మీ ఊళ్ళో గుడికీ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది, యూట్యూబ్‌లో వెతికేముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

కథల గురించి ఇంకో మాట. 2014 లో కెనడా పరిశోధకులు మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వెనక్కి తిరిగి బొమ్మని చూడొద్దు అని చెప్పి గదిలో వదిలేస్తారు, చాలామంది చూసేస్తారు, పిల్లలు కదా. తర్వాత ఒక కథ చదివి వినిపించి, చూశావా అని అడుగుతారు. అబద్ధం ఆడితే ముక్కు పొడుగైపోయే కొయ్యబొమ్మ కథ, మన నాన్నా పులి లాంటి తోడేలు కథ, ఇవి విన్న పిల్లలు నిజం చెప్పడంలో ఏమీ తేడా రాలేదు. జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి నాన్న దగ్గర ఒప్పుకుంటే నాన్న మెచ్చుకున్న కథ విన్నవాళ్ళు మాత్రం ఎక్కువగా నిజం ఒప్పుకున్నారు. అదే కథని చివర్లో మార్చి, అబద్ధం ఆడినందుకు శిక్ష పడినట్టు చెప్తే ఆ ప్రభావం పోయిందట. అంటే అబద్ధమాడితే ఏమవుతుందో చెప్పడం కంటే నిజం చెప్తే ఇంట్లో ఏమవుతుందో చూపించాలి. ఇది చదివాక నేను మా ఇంట్లో కథలు చెప్పే తీరే మార్చుకున్నాను.

ప్రహ్లాదుడి కథ కూడా అంతే. మాకు అంతర్వేది దగ్గరే, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నరసింహస్వామి, భీష్మ ఏకాదశికి రథం లాగుతారు, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని జనం వెళ్తారు. ఆ కథ చెప్పేటప్పుడు అందరూ స్తంభం బద్దలవడం, పొట్ట చీల్చడం దగ్గర గొంతు పెంచుతారు. నేను చెప్పేటప్పుడు అది ఒక్క ముక్కలో దాటేసి, అందరూ భయపడి దూరంగా నిలబడితే చిన్నపిల్లాడు ఒక్కడే స్వామి దగ్గరికి వెళ్ళాడు, స్వామి తల మీద చెయ్యి పెట్టి ఏం కావాలో కోరుకో అంటే, నన్ను అన్ని కష్టాలు పెట్టినా సరే మా నాన్నకి మంచి జరగాలి అని అడిగాడు అన్నది నిదానంగా చెప్తా. భాగవతంలో అది ఉంది, కానీ ఎందుకో ఎవరూ పిల్లలకి చెప్పరు.

ఇక బహుమతుల సంగతి. మా వైపు ఎవరింటికెళ్ళినా నాలుగేళ్ళ పిల్ల కనపడితే చాలు "ఏదమ్మా, ఓ శ్లోకం చెప్పు" అంటారు, చెప్తే చాక్లెట్, వాళ్ళమ్మ వీడియో, సాయంత్రానికి స్టేటస్. శ్లోకాలు వద్దని నేను అనట్లేదు, ఆ వయసులో నాలుక ఎలా తిప్పితే అలా తిరుగుతుంది, ఒత్తులు బాగా పలుకుతాయి, మా అమ్మాయికి కూడా కొన్ని వచ్చు, స్నానం చేయించేటప్పుడు మామ్మ చదువుకుంటుంటే పట్టేసింది. నా గొడవ అంతా చాక్లెట్‌తోనే. 1973 లో అమెరికాలో నర్సరీ పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం బాగా పేరున్నది. బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. కొన్నాళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలు మామూలుగా ఆడుకునేటప్పుడు బొమ్మల జోలికి వెళ్ళడం బాగా తగ్గించేశారు, ఏమీ ఆశ పెట్టని పిల్లలు మాత్రం ఎప్పట్లాగే గీసుకుంటున్నారు. ఇష్టంగా చేసే పనికి మనం కూలి కట్టేస్తే అది కూలి పని అయిపోతుంది పిల్లకి. భక్తికి కూలి కట్టొద్దు.

ఇంట్లో పని అప్పజెప్తే పారబోస్తారు, పగలగొడతారు అని చాలామంది తల్లుల కంప్లైంట్. అవునండి, పారబోస్తారు. మా అమ్మాయి కార్తీకమాసంలో తులసికోట దగ్గరికి నూనె గిన్నె పట్టుకెళ్తూ వాళ్ళ మామ్మ పట్టుచీర మీదే ఒంపేసింది. బీఈడీలో పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే గురించి చదివినప్పుడు కప్పుల కథ ఒకటి ఉంది, 1932 లో ఆయన రాసింది, ఒక పిల్లాడు తెలియక తలుపు తోస్తే పదిహేను కప్పులు పగిలాయి, ఇంకో పిల్లాడు దొంగతనంగా జామ్ తీసుకోబోతే ఒక్క కప్పు పగిలింది, ఎవరిది పెద్ద తప్పు అంటే చిన్నపిల్లలు పదిహేను కప్పులవాడిదే అంటారు. వాళ్ళ లెక్క అంతా ఎంత పోయింది అన్నదాని మీదే, ఎందుకు చేశారు అన్నది తర్వాత్తర్వాత వస్తుంది. కాబట్టి చీర ఖరీదు చూసి మనం అరిస్తే వాళ్ళ లెక్కే కరెక్ట్ అని మనమే స్టాంపు వేసినట్టు. అత్తయ్యగారు చీర దులుపుకుని "దీపం పెడదామని తెచ్చావు, చెయ్యి జారింది, పోన్లే, పద గుడ్డ తెచ్చి తుడుద్దాం" అన్నారు. తుడవడం మాత్రం పిల్ల చేతే చేయించారు. ఆ చీర మరక పోలేదు, అది వేరే సంగతి.

పండగలన్నీ ఇలా చేతికి పని ఇచ్చేవే మనవి. ధనుర్మాసంలో హరిదాసు వస్తాడు, తల మీద అక్షయపాత్ర, ఎవర్నీ ఏమీ అడగడు, పాడుకుంటూ గుమ్మం ముందు ఆగుతాడు, బియ్యం పొయ్యడానికి పిల్ల వస్తే అంత పెద్దాయన మోకాళ్ళ మీద వంగుతాడు. ఇచ్చే చెయ్యి చిన్నది, పుచ్చుకునే మనిషి పెద్దాయన, అయినా ఇచ్చేవాళ్ళు గొప్ప అనే ఆలోచన అక్కడ ఉండదు, ఆయన కృష్ణార్పణం అంటాడు, అంటే ఇది నాకు కాదు అని. తెల్లారగట్ల చలిలో పిల్లని లేపడం పాపం అనిపిస్తుంది గానీ లేపండి, పెద్దవాళ్ళు పోసేసి వచ్చి నీ తరఫున పోశాంలే అంటే కుదరదు. వినాయక చవితి పత్రి కూడా కొనుక్కురాకుండా పిల్లని వెంటబెట్టుకుని తెచ్చుకోండి, ఇరవై ఒకటీ దొరక్కపోయినా మారేడు, గరిక, ఉత్తరేణి, రేగు, జమ్మి, వావిలి మా గట్ల మీద దొరుకుతాయి, పక్కింటి చెట్టు అయితే అడిగి కోయాలి, కొమ్మ విరవకూడదు, చీకటి పడ్డాక చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు, అవి పడుకుంటాయి అని చెప్తారు మావాళ్ళు. ఒక జాగ్రత్త, పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి, అవి విషం, అవి మీరే కోసి, పిల్ల చేతులు సబ్బుతో కడిగించాకే ఏదైనా తిననివ్వండి.

కనుమ రోజు చించినాడ వంతెన దాటి కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తాం. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు శివుళ్ళు, ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభల మీద వస్తారు, "శరభా అశ్శరభా" అని అరుస్తూ కుర్రాళ్ళు భుజాల మీద మోసుకొస్తారు, గంగలకుర్రు అగ్రహారం ప్రభ అయితే కౌశికలో దిగి నీళ్ళల్లోంచి దాటిస్తారు, అది చూడ్డానికే జనం గట్ల మీద నిలబడతారు. దారిలో పచ్చటి పొలాల్లోంచే వెళ్తాయి ప్రభలు, ఊడ్చిన వరి తొక్కుకుపోతుంది, ఆ రైతు అడ్డు చెప్పడు, శివుడి అడుగు నా చేలో పడింది అనుకుంటాడు. మా అమ్మాయి వాళ్ళ నాన్న మెడ మీద కూర్చుని అంత అరుపులో "ఆ చేనుగలాయన తిట్టడా నాన్నా" అని అడిగింది. తిట్టడమ్మా, ఆయన సంతోషంగానే ఇచ్చాడు అని చెప్పారు మావారు. ఇవ్వడం గురించి నేను నెలరోజులు కూర్చోబెట్టి చెప్పినా అంత చెప్పలేను.

అన్నిటికంటే పెద్ద బడి మన నోరు. కొబ్బరి దింపు తీసే ఆయన మా తోటకి వస్తాడు, అరవై దాటిన మనిషి. కొన్ని ఇళ్ళల్లో ఆయన్ని పసిపిల్లలు కూడా పేరు పెట్టి నువ్వు అని పిలుస్తారు, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్ళు అలా పిలుస్తారు కాబట్టి. అదే ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం మోగుతూ ఉంటుంది. అందరిలో దేవుడున్నాడు అని శ్లోకం నేర్పించి, గుమ్మం బయట నిలబడ్డ ముసలాయనకి దూరం నుంచి గ్లాసులో నీళ్ళు పోయించే పద్ధతి చూపిస్తే పిల్ల ఏది పట్టుకుంటుందండి? చూసిందే పట్టుకుంటుంది. గోదావరి జిల్లాల్లో వరస పెట్టి పిలవడం మనకున్న మంచి అలవాటు, దాన్ని కులం చూసి వాడకండి. మా అమ్మాయికి ఆయన తాతయ్యే, ప్రసాదం ముందు ఆయనకి పెట్టి వస్తుంది, అరుగు మీద పక్కనే కూర్చుని తింటుంది.

మతం విషయం కూడా పిల్లలు ఈ వయసులోనే అడిగేస్తారు. మా పక్కింటివాళ్ళు క్రైస్తవులు, వాళ్ళ బాబు ఆదివారం సండే స్కూలుకి వెళ్తాడు, క్రిస్మస్‌కి వాళ్ళింటి మీద నక్షత్రం వెలిగితే మా అమ్మాయి ఇక్కణ్ణుంచి చప్పట్లు కొడుతుంది. ఒకరోజు ఇద్దరూ మా దేవుడు పెద్దంటే మా దేవుడు పెద్ద అని గొడవపడి మామ్మ దగ్గరికి వచ్చారు. ఆవిడ "వాళ్ళమ్మ వాడికి పెద్ద, మీ అమ్మ నీకు పెద్ద, అమ్మలిద్దరూ ఎప్పుడైనా కొట్టుకున్నారా" అని అడిగారు. ఇద్దరూ లేదన్నారు, ఆడుకోవడానికి వెళ్ళిపోయారు. మా డెల్టా వాళ్ళకి ఇది కొత్తేం కాదు, ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టించిన కాటన్ దొరకి మా ఊళ్ళల్లో విగ్రహాలున్నాయి, దండలు వేస్తారు, గోదావరి స్నానానికి సంకల్పం చెప్పేటప్పుడు ఆయన పేరు తలుచుకునే పంతులుగార్లు ఉన్నారు. మేలు చేసినవాణ్ణి తలుచుకోవడం కూడా భక్తే అని మా మావగారు విగ్రహం దగ్గర స్కూటర్ ఆపి మరీ చెప్తారు మనవరాలికి.

ఆ కాలవ దగ్గరే నాకు బాధ కలిగేది కూడా. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, నీళ్ళు లాగేశాక వంతెన మీద నుంచి చూస్తే అడుగున బురదలో ప్లాస్టిక్ కవర్లు, వాటిల్లో ఎండిన పూలు, అగరబత్తి డబ్బాలు, అద్దం పగిలిన దేవుడి పటాలు. బండి ఆపి, దణ్ణం పెట్టి, కవర్‌తో సహా విసిరేసి వెళ్ళిపోతారు. మళ్ళీ ఆ కాలవ నీళ్ళే ఊరి చెరువు నింపుకుని తాగేది మనం. మా అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని చూసి "సామిని ఎవరు పారేశారు" అని అడిగింది. నేను ఎవరో తెలియక చేశారమ్మా అన్నాను, కానీ బండి మీద ముందు కూర్చుని అది చూసే పిల్లలకి ఏం అర్థమవుతుందో ఆలోచించండి, పూజ అయిపోతే పారెయ్యొచ్చు అని అర్థమవుతుంది. మా ఇంట్లో నిర్మాల్యం అంతా కొబ్బరి మొదట్లో వేస్తాం, బుట్ట మోసే పని పిల్లది.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు అడుగుతారు, మాకు హరిదాసు రాడు, కాలవ లేదు, తోట లేదు, ఏం చెయ్యమంటారు అని. ఒకటి చెప్తా, ఇది కంచి పరమాచార్య చెప్పిన పిడికెడు బియ్యం పద్ధతే. రోజూ అన్నం వండేముందు పిల్ల చేత ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేయించండి, మీ పిడికిలి కాదు, దాని పిడికిలే. కింద ఒలికితే ఒలకనివ్వండి, అదే ఏరుతుంది. వేశాక చాక్లెట్ వద్దు, మర్చిపోతే దేవుడికి కోపం వస్తుంది అనొద్దు, మర్చిపోతే మర్నాడు వేస్తుంది. నెలాఖరుకి డబ్బా నిండాక ఎవరికివ్వాలో మీరు చెప్పకుండా పిల్లనే అడగండి, వాచ్‌మన్ వాళ్ళ పాప అంటుందో, గుడి దగ్గర కూర్చునే ముసలమ్మ అంటుందో, పావురాలకి అంటుందో, పావురాలకి అన్నా సరే తీసుకెళ్ళండి. ఇచ్చేటప్పుడు వెళ్ళి పక్కన నిలబడండి చాలు, ఫోన్ ఇంట్లో పెట్టేసి వెళ్ళండి.